సంచి విప్పాక రొయ్య సంగతి

జనగామ జిల్లా నర్మెట్ట నుంచి సముద్రం దగ్గరికి పోవాలంటే ఎంత దగ్గరి దారిలో పోయినా రెండు వందల కిలోమీటర్లు దాటాలి. బోరు వేస్తే గ్రానైటు తగిలే, వాన పడితేనే చెరువు నిండే ఈ మెట్టనేలకు ఉప్పునీటితో పనేమిటి అనిపిస్తుంది. కానీ తెలంగాణ చెరువుల్లోకి ఉప్పునీటిలో పుట్టిన ప్రాణి ఒకటి ప్లాస్టిక్ సంచుల్లో వచ్చి చేరుతోంది. 2016-17లో ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలకు చేపపిల్లలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఎంపిక చేసిన జలాశయాల్లో నీలకంఠ రొయ్యపిల్లలను కూడా వదిలారు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు అందుకునే బొమ్మకూరు లాంటి రిజర్వాయర్లు, కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఉన్న ఈ ప్రాంతంలో ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు ఇది కూడు పెట్టే విషయం. హైదరాబాదులో ఇంటి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారికి ఇదే విషయం సరదా, అదీ ఖరీదైన సరదా. ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే. ఒక నీటిలో బతికిన రొయ్యను ఇంకో నీటిలోకి ఎలా దించాలి?

జవాబులకు కొదవ లేదు. అక్వేరియం దుకాణంలో అడిగితే సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి వదిలేయమంటారు. ఏళ్ల తరబడి పెంచినవారు సన్నని గొట్టంతో చుక్కచుక్కగా రెండు గంటలు నీళ్లు కలపమంటారు. నెల్లూరు, బాపట్ల తీరాల్లో హేచరీ టెక్నీషియన్ ఉప్పును గంటకు ఇన్ని పీపీటీలు (వెయ్యి వంతుల నీటిలో ఇన్ని వంతుల ఉప్పు) మార్చాలని లెక్క చెబుతాడు. భీమవరం గట్టు మీద రైతు మాత్రం సీడు (హేచరీ పిల్ల) బాగుంటే ఏ నీళ్లకైనా తట్టుకుంటుంది, బాగాలేకపోతే ఎన్ని తిప్పలు పడ్డా అంతే అంటాడు. వీళ్లలో అబద్ధం చెప్పేవారెవరూ లేరు. ఎవరి పద్ధతిలో వారి రొయ్య బతికింది కాబట్టే ఆ మాట వారికి స్థిరపడింది. చిక్కల్లా ఏమిటంటే, వీళ్లు మాట్లాడుతున్నది ఒకే రొయ్య గురించి కాదు, ఒకే సంచి గురించీ కాదు.

ముందు రొయ్య సంగతి చూద్దాం. మన తీరంలో చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ అమెరికా ఖండాల పసిఫిక్ తీరం జాతి. మన దేశంలో 2009లో దీని సాగుకు అనుమతి వచ్చింది. విమానంలో దిగే తల్లిరొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీలకు చేరతాయి. సముద్రంలో గుడ్లు పెట్టినా, పిల్ల వయసును నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో గడిపే జాతి ఇది. వాన కురిస్తే ఉప్పు సగానికి పడిపోయి, ఎండ కాస్తే మళ్లీ పెరిగే నీళ్లవి. అందుకే వనామీ అర పీపీటీ నీటిలోనూ, 45 పీపీటీ నీటిలోనూ బతకగలదు. భీమవరం, కైకలూరు వైపు దాదాపు మంచినీళ్లలాంటి చెరువుల్లో ఇది పెరుగుతోందంటే కారణం ఈ పుట్టుకే. రైతు మాటలో సగం నిజం ఇక్కడుంది.

నీలకంఠ రొయ్యది తిరగబడ్డ కథ. పెద్దయ్యాక మంచినీటి నదుల్లో ఉంటుంది, గుడ్లు మోసే తల్లి మాత్రం వరద వెంట నదీముఖానికి దిగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల 12 పీపీటీకి అటూఇటూగా ఉన్న నీటిలో పదకొండు దశలు దాటి, సుమారు నెల రోజులకు రొయ్య రూపు తెచ్చుకుని, అప్పుడు ఏటికి ఎదురీదుతుంది. ఈ గుట్టు చాలాకాలం ఎవరికీ తెలియదు. 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగ్‌లో ఎస్.డబ్ల్యూ. లింగ్ అనే శాస్త్రవేత్త మంచినీటిలో పిల్లలను పెంచబోతే అన్నీ చచ్చిపోతూ వచ్చాయి. విసిగి వంటింటి సోయా సాస్ కలిపితే బతికాయని ఒక కథ చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా, పిల్లకు కొంచెం ఉప్పు కావాలని తేల్చింది ఆయనే. 1965లో మలేసియా నుంచి తెప్పించిన తల్లిరొయ్యలతో హవాయిలో తకుజి ఫుజిమురా పెద్దఎత్తున పిల్లలను తీసే పద్ధతి నిలబెట్టాడు. ఈనాటి నీలకంఠ హేచరీలన్నీ ఆ దారిలో నడుస్తున్నవే. 2000 తర్వాత కొన్నేళ్లు నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో స్కాంపీ పేరుతో ఈ రొయ్య వెలిగింది. తెల్లతోక జబ్బు కొంత, వనామీ రాక కొంత దాన్ని వెనక్కి నెట్టాయి.

ఇక అక్వేరియంలో పెట్టే రొయ్యలు. ఎర్రటి వీపుపై తెల్లని గీత ఉండి, చేపల ఒంటిమీది పురుగులను ఏరి తినే క్లీనర్ రొయ్య, నిప్పుకణికలా ఎర్రగా ఉండే ఫైర్ రొయ్య, పొడవాటి చేతులకు పట్టీలున్న కోరల్ బ్యాండెడ్, గాజుతొట్టెలో కలుపులా పుట్టుకొచ్చే ఐప్టేసియా అనే చిన్న ఎనిమోన్‌ను తినే పెప్పర్‌మింట్ రొయ్య. ఇవి పగడపు దిబ్బల జీవులు. అక్కడ ఏడాది పొడుగునా ఉప్పు 35 పీపీటీ దగ్గరే నిలుస్తుంది. వనామీకి ఉన్న వాన, వరద, ఉప్పుటేరు అనుభవం వీటి వంశంలోనే లేదు. వనామీ పిల్ల తట్టుకుంది కదా అని క్లీనర్ రొయ్యను అలాగే గుమ్మరిస్తే, మర్నాటికి అది తెల్లబడి వెల్లకిలా పడి కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

తేడా అంతా మొప్పల్లో ఉంది. రొయ్య రక్తానికి తనదైన ఉప్పుదనం ఒకటుంటుంది. వనామీకి బయటి నీరు 25 పీపీటీ దగ్గర ఉన్నప్పుడు లోపలా బయటా సమానం. నీరు అంతకంటే పలచనైతే అది ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని ఉప్పు బయటికి జారుతుంది. మొప్పల కణాల్లో ఉండే సోడియం-పొటాషియం పంపులు ఒంటి శక్తిని ఖర్చుపెట్టి ఆ ఉప్పును మళ్లీ లోపలికి లాగుతాయి. నీళ్లు మారితే ఈ పంపుల సంఖ్యా పనీ కూడా మారాలి. ఆ మార్పు నిమిషాల్లో అయ్యేది కాదు, గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మరీ చిన్న పిల్లల్లో మొప్పలే పూర్తిగా ఏర్పడి ఉండవు. అందుకే తక్కువ ఉప్పు చెరువుకు సీడు కొనేవారు పీఎల్ 10 (రొయ్య రూపు వచ్చి పది రోజులు) దాటిన పిల్లనే అడగాలి. సీడు రేటు కోసం గీచిగీచి బేరమాడి, వయసు అడగని రైతులు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. హేచరీలో సీడును పరీక్షించేటప్పుడు కొన్ని పిల్లలను ఒక్కసారిగా బాగా పలచని నీటిలో వేసి, అర్ధగంటో గంటో ఉంచి, మళ్లీ పాత నీటిలోకి తీసి ఎన్ని బతికాయో లెక్కిస్తారు. నూటికి తొంభై పైన బతికితే మంచి సీడు. అంత దెబ్బను తట్టుకునే పిల్లకు ఈ నిదానమంతా ఎందుకు? ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది పిల్ల సత్తువను మాత్రమే. ఆ గంటలో చావని పిల్ల దాచుకున్న శక్తినంతా ఖర్చుపెట్టేసి ఉంటుంది. తర్వాతి ఒకటి రెండు రోజుల్లో పొర విడిచే సమయం వస్తే, మెత్తబడ్డ ఒంటితో ఉప్పునూ నీటినీ అదుపు చేయలేక అప్పుడు పోతుంది. చెరువు అడుగున పోయిన పిల్లను ఎవరూ చూడరు. నెల తర్వాత వల వేస్తేనే లెక్క తెలుస్తుంది. అప్పటికి నింద సీడు మీద పడుతుంది, మేత మీద పడుతుంది, పక్క చెరువువాడి మీద కూడా పడుతుంది.

సగం వివాదాలు ఉప్పు చుట్టూ తిరుగుతాయి కానీ, నా అభిప్రాయంలో ఎక్కువ రొయ్యలను చంపేది సంచిలోని నీళ్లు. ఆక్సిజన్ నింపి మూతి బిగించిన సంచిలో రొయ్య ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, నీటి పీహెచ్ పడిపోతుంది. అదే నీటిలో రొయ్య విసర్జించే అమ్మోనియా కూడా పేరుకుంటుంది. పీహెచ్ 7 దగ్గర ఉన్నంతసేపు ఆ అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. తక్కినదంతా అంత హాని చేయని అమ్మోనియంగా ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పీహెచ్ పైకి ఎక్కుతుంది. 8 చేరేసరికి విషరూపం నూటికి ఐదు వంతుల దాకా పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 మధ్య అని గుర్తుంచుకుంటే, చుక్కచుక్కగా పడే అక్వేరియం నీరు ఈ మార్పును ఇంకా తొందరపెడుతుందని అర్థమవుతుంది. అంటే మంచిచేద్దామని రెండు గంటలు బకెట్లో ఉంచిన రొయ్య ఆ రెండు గంటలూ తన మలినంలోనే, ఆ మలినం విషంగా మారుతుండగా ఈదుతోందన్నమాట. ఇంకొకటి, ఏసీ గదిలో నేలమీద బకెట్లో నీరు ఆలోగా చల్లారిపోతుంది కూడా.

కాబట్టి దుకాణదారుడి పావుగంట మాటకూ, పాతకాపు రెండు గంటల మాటకూ మధ్య తీర్పు చెప్పేది సంచి ఎంతసేపు మూసి ఉందన్న సంగతి. ఊళ్లోనే కొని అరగంటలో ఇంటికి తెచ్చిన సంచిలో అమ్మోనియా పెద్దగా ఉండదు. అక్కడ చుక్కల పద్ధతి నిశ్చింతగా చేసుకోవచ్చు. కొరియర్లో రాత్రంతా ప్రయాణించి వచ్చిన సంచి అయితే నిదానమే శత్రువు. అలాంటప్పుడు రొయ్య వచ్చేలోపే వేరే చిన్న తొట్టె సిద్ధం చేసుకుని, అమ్మినవారు చెప్పిన ఉప్పుదనానికి ఆ నీళ్లను సరిచేసి పెట్టుకోవాలి. సంచి రాగానే వేడి సమానం చేసి, రొయ్యను నేరుగా అందులోకి మార్చి, అక్కడి నుంచి రోజుకు కొంచెం చొప్పున ఉప్పు మార్చుకుంటూ పోవాలి. ఇది ఓపిక పని, ఇంకో తొట్టె ఖర్చు. కానీ దూరం నుంచి తెప్పించిన రొయ్యకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

చుక్కల పద్ధతి ఎంచుకున్నవారికి కొంచెం లెక్క. సంచిని మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు తేలనివ్వాలి, అప్పుడు వేడి సమానమవుతుంది. తర్వాత రొయ్యను సంచినీటితో సహా శుభ్రమైన గిన్నెలోకి వంచి, రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు చూడాలి. ఒకటి రెండు పీపీటీలకు మించి తేడా లేకపోతే చుక్కల అవసరమే లేదు. తేడా ఎక్కువుంటే, గాలి గొట్టానికి ముడివేసి సెకనుకు మూడు చుక్కలు పడేలా పెడితే గంటకు సుమారు అర లీటరు నీరు దిగుతుంది. అర లీటరు సంచి అయితే గంటలో నీరు రెట్టింపు, రెండు గంటల్లో మూడింతలు. ఆ తర్వాత మెత్తని వలతో రొయ్యను తీసి వదలాలి. సంచినీరు చుక్కకూడా తొట్టెలో పడకూడదు. ప్లాస్టిక్ ముల్లు తేలే చవక హైడ్రోమీటర్లను నేను నమ్మను. ముల్లుకు ఒక గాలిబుడగ అంటితే చాలు, లెక్క తప్పుతుంది.

రొయ్య దిగాక లైట్లు ఆర్పేయాలి. రొయ్యను తినే హాక్‌ఫిష్, ట్రిగ్గర్, లయన్‌ఫిష్ లాంటివి తొట్టెలో ఉంటే అసలు కొనకపోవడమే మేలు. రెండు మూడు రోజుల్లో అడుగున తెల్లగా రొయ్య ఆకారంలో ఏదో పడి ఉంటే కంగారు పడవద్దు. చాలాసార్లు అది విడిచిన పొర, రొయ్య రాయి కింద దాక్కుని ఉంటుంది. చేపల జబ్బుకు వాడే రాగి మందు మాత్రం ఒకసారి వాడిన తొట్టెలో రొయ్యను పెట్టకూడదు. రాళ్లు, ఇసుక ఆ రాగిని పట్టి ఉంచి తర్వాత వదులుతాయి. చెరువులో నాచుకు మైలతుత్తం చల్లేవారికీ ఇదే హెచ్చరిక.

నీటిలో ఉన్న ఉప్పు ఎంత అన్నది ఒక ప్రశ్న, ఏ ఉప్పు అన్నది ఇంకో ప్రశ్న. ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో ఇంగ్లండులో సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచేందుకు కృత్రిమ సముద్రజలం కలిపినప్పుడు ఒక్క తినే ఉప్పుతో సరిపెట్టలేదు. మెగ్నీషియం లవణాలు రెండు, పొటాషియం క్లోరైడు కూడా కలిపాడు. సముద్రపు నీటిలో లీటరుకు సోడియం సుమారు 10,500 మిల్లీగ్రాములు ఉంటే మెగ్నీషియం 1,350, కాల్షియం 400, పొటాషియం 390 దాకా ఉంటాయి. కొలత చిన్నదే అయినా ఆ పొటాషియం లేకపోతే మొప్పల్లోని పంపు నడవదు. హర్యానాలోని రోహ్‌తక్‌లో కేంద్ర మత్స్య విద్యాసంస్థ ఉప్పుదేలిన భూగర్భజలంలో రొయ్య పెంచబోయినప్పుడు ఎదురైన పెద్ద అడ్డంకి ఇదే. సెలైనిటీ (ఉప్పుదనం) సరిపోతుంది, పొటాషియం ఉండదు. ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపాక పరిస్థితి మారింది. భీమవరం వైపు రైతులు పొటాషియం, మెగ్నీషియం బస్తాలు చెరువులో వేయడం వెనక ఉన్న సంగతీ అదే. గాస్ చిటికెల్లో కలిపిన లవణాలను వాళ్లు బస్తాల్లో కలుపుతున్నారు.

జనగామ వైపు ఎవరైనా ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకుంటే బోరు నీళ్లను పక్కన పెట్టి ఆర్‌వో నీళ్లతో మొదలుపెట్టడం మంచిది. బోరు నీటిలో అప్పటికే కరిగి ఉన్న లవణాల మీద సముద్రపు ఉప్పు కలిపితే, పరికరంలో 35 చూపినా నిష్పత్తి సముద్రానిది కాదు. ఇంకోమాట. అలంకారం కోసం పగడపు రాయి ఎవరైనా చవకగా తెచ్చిస్తామంటే తీసుకోవద్దు. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రొయ్యల విషయంలోనూ దిబ్బల నుంచి పట్టినవాటి కన్నా పెంచినవి మేలు. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ అలంకార రొయ్యల పెంపకాన్ని దీవి మహిళలకు నేర్పించింది.

వనామీ సీడును తక్కువ ఉప్పు చెరువులో దించేవారి పద్ధతిలో నాకు నచ్చేది, వారు ఉప్పు మెట్లను సమానంగా చూడకపోవడం. 30 నుంచి 15 దాకా గంటకు మూడు నాలుగు పీపీటీలు తగ్గించినా పిల్ల ఓర్చుకుంటుంది. 10 కిందికి దిగాక గంటకు ఒకటి చాలు, 4 కింద ఇంకా నిదానంగా పోవాలి. అంత పనీ హేచరీలోనే చేయించి, కాగితం మీద చివరి సెలైనిటీ రాయించుకున్న రైతుకు చెరువు గట్టున పని తగ్గుతుంది.

ఇక బొమ్మకూరు లాంటి జలాశయం కట్ట. నీలకంఠ సీడుకు ఉప్పు పేచీ హేచరీలోనే తీరిపోతుంది. అక్కడే సగం రోజుకు తక్కువ కాకుండా మంచినీటికి మార్చి పంపాలి. కట్ట మీదికి వచ్చేసరికి మిగిలేవి వేడి, పీహెచ్, సంచిలో పేరుకున్న మలినం. ఎండ కాసే రోజున నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటగలదు. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది మరి. పీహెచ్ 7 ఉన్న సంచిలోంచి పిల్లను ఆ వేళ గుమ్మరిస్తే, నీళ్లు మంచినీళ్లే అయినా దెబ్బ దెబ్బే. మరీ తెల్లవారుజామున వదిలితే చెరువులో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. కాబట్టి పొద్దుపొడిచి కొంచెం పైకి వచ్చాక, నీళ్లు వేడెక్కకముందు వదలడం మంచిది. సంచులను నీడలో నీటిపై అరగంట తేలనిచ్చి, మూతి విప్పాక చెరువు నీళ్లు రెండు మూడు దఫాలుగా కొద్దికొద్దిగా పోసి, సంచిని వంచి పిల్లను తనంతట తాను ఈదిపోనివ్వాలి. ఫోటోల కోసం కట్ట మీద నుంచి ఎత్తి పోయడం చూడటానికి బాగుంటుంది, పిల్లకు బాగుండదు. అన్నిటికీ మించి, వచ్చే లారీ మధ్యాహ్నం వస్తే ఏం చేయాలో ముందే అనుకోవాలి. సాయంత్రం దాకా నీడలో ఆపాలంటే సంచిలో అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల రాత్రి బయలుదేరి పొద్దున్నే చేరేలా హేచరీతో మాట్లాడుకోవడం ఒక్కటే దారి.

ఈ రొయ్య మన చెరువుల్లో పెరుగుతుంది కానీ పిల్లలు పెట్టదు. పిల్లకు కావలసిన ఉప్పు ఇక్కడ లేదు, తల్లి దిగిపోవడానికి నదీముఖం లేదు. కాబట్టి వేసిన సీడులో ఎంత బతికిందన్నదే ఆ ఏటి పంట. పోయినదాన్ని చెరువు తనంతట తాను పూడ్చుకోలేదు. చేపపిల్ల విషయంలో కొంత అజాగ్రత్త చెల్లిందేమో గానీ రొయ్యకు అది చెల్లదు.

అయినా ఏ పద్ధతి మంచిదో మన నీళ్లలో తేల్చి చెప్పే లెక్క కట్ట మీద ఎవరూ రాసి పెట్టడం లేదన్నది నాకున్న ఫిర్యాదు. ఆంధ్రా రైతులు ఏనాటి నుంచో చేస్తున్న పని ఒకటుంది. చెరువులోనే చిన్న హాపా (సన్న వలతో కుట్టిన పంజరం) కట్టి, వదిలిన సీడులోంచి ఒక వంద పిల్లలను అందులో వేసి, రెండు రోజుల తర్వాత లెక్కపెడతారు. థర్మామీటరు, పీహెచ్ కిట్, ఒక హాపా, వీటి ఖర్చు ఒక సహకార సంఘానికి లెక్కలోది కాదు. ఈసారి సీడు లారీ వచ్చినప్పుడు సంఘం పెద్దలు, మత్స్యశాఖ సిబ్బంది కలిసి ప్రతి చెరువులో ఒక హాపా కట్టించండి. సంచి ఏ గంటకు మూశారో, ఏ గంటకు విప్పారో, చెరువు వేడి, పీహెచ్ ఎంతో, రెండు రోజులకు వందలో ఎన్ని మిగిలాయో సంఘం పుస్తకంలో రాసి పెట్టండి.